ఆరవ ఇవానా, మూడవ ఇయోఆనా? ఒక పసి చక్రవర్తి పేరు, దాని అర్థం, వాడుక

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న విధంగా ముందు క్లుప్తంగా చెబుతాను. రష్యా చరిత్రపై ఒక వ్యాసాన్ని మీరు తెలుగులోకి అనువదిస్తున్నారు. 1740–41లో కొద్దికాలం గద్దె మీద ఉన్న పసివాడి పేరు మూలంలో ఒకచోట ‘ఆరవ ఇవాన్’ అనీ, ఒక వెండి నాణెం బొమ్మ కింద ‘మూడవ ఇయోఆన్’ అనీ, మరొకచోట ‘ఇవాన్ ఆంతోనొవిచ్’ అనీ ఉంది. వీరంతా ఒకరేనా, ఆ పేరుకు అర్థమేమిటి, తెలుగులో దేనిని వాడాలి అని అడిగారు.

ముగ్గురూ ఒక్కరే. మీ వ్యాసంలో మీరు మాట్లాడేటప్పుడు ‘ఆరవ ఇవాన్’ అని రాయండి. ఆ కాలపు నాణేన్నో, శాసనాన్నో, పద్యాన్నో ఉదహరించేటప్పుడు మాత్రం అందులో ఉన్న ‘మూడవ ఇయోఆన్’ను మార్చకుండా ఉంచి, ఈయనే ఆయన అని ఒక్క వాక్యంలో చెప్పండి. పేరుకు నిఘంటువు అర్థం చెప్పడం సులువు. కానీ ఈ వ్యక్తి విషయంలో ఆ పేరును ఎవరు, ఎప్పుడు, ఏ అంకెతో పలికారు, ఎవరు అసలు పలకనివ్వలేదు అన్నది ఆ అర్థం కన్నా చాలా ముఖ్యం. రష్యన్ నుంచి అనువాదాలు చేస్తూ, ఇతరుల అనువాదాలను సరిచూస్తూ వచ్చిన అనుభవంతో చెబుతున్నాను: ఈ రాజు దగ్గర అనువాదకులు తడబడేది పేరు అర్థం తెలియక కాదు, వాడుక తెలియక.

అర్థం సంగతి ముందు ముగించుకుందాం. ఇవాన్ అన్నది హీబ్రూలోని యోహానాన్ అనే పేరుకు రష్యన్ రూపం. ‘యెహోవా కృప చూపాడు’ అని దాని భావం. హీబ్రూ నుంచి గ్రీకుకు, గ్రీకు నుంచి చర్చి స్లావిక్ భాషకు వచ్చి ఇయోఆన్ అయింది. జనం నోట నలిగి ఇవాన్ అయింది. తెలుగు బైబిల్‌లోని యోహాను కూడా ఈ పేరే కాబట్టి మన పాఠకుడికి ఇది బొత్తిగా పరాయి పేరు కాదు. కాకపోతే ఆ కారణంగా రష్యన్ రాజును ‘ఆరవ యోహాను’ అనడం తగదు. ఆ రూపం చదవగానే తెలుగువాడికి బైబిల్ సందర్భమే మనసులో మెదులుతుంది.

రష్యన్‌లో ఇయోఆన్, ఇవాన్ అనే రెండు రూపాలూ నేటికీ బతికే ఉన్నాయి. మొదటిది ప్రార్థనలోనూ, సన్న్యాసుల, పునీతుల పేర్లలోనూ, పద్దెనిమిదో శతాబ్దపు రాజశాసనాలలోనూ కనిపించే గంభీర రూపం. రెండవది ఇంట్లో, వీధిలో, నేటి చరిత్ర పుస్తకాలలో వాడేది. అందుచేత నాణెం మీద ఇయోఆన్, పాఠ్యపుస్తకంలో ఇవాన్ అని ఉండటం ఇద్దరు మనుషులకు గుర్తు కాదు. ఒకే మనిషిని రెండు స్థాయిల భాషలో పిలవడం మాత్రమే.

ఇక ఆ పసివాడికి ఈ పేరే ఎందుకు పెట్టారన్న దగ్గర అసలు కథ మొదలవుతుంది. 1682లో మాస్కోలో ఇద్దరు అన్నదమ్ములను కలిపి జార్‌లుగా నిలబెట్టారు. పెద్దవాడు ఇవాన్ అలెక్సేయెవిచ్, అంటే నేడు మనం ఐదవ ఇవాన్ అనే ఆయన. చిన్నవాడు పీటర్, తరువాతి కాలపు మహా పీటర్. ఇవాన్ 1696లో మరణించాడు. అక్కడి నుంచి రాజవంశంలో రెండు శాఖలు ఏర్పడ్డాయి. 1730లో గద్దెనెక్కిన ఆన్నా ఇవానొవ్నా ఈ ఐదవ ఇవాన్ కూతురు. ఆమెకు పిల్లలు లేరు. అధికారం తన బాబాయి పీటర్ సంతతికి పోకుండా తన తండ్రి శాఖలోనే నిలవాలన్నది ఆమె పట్టుదల. అందుకే తన అక్క కూతురు ఆన్నా లెయొపోల్దొవ్నాకు, బ్రున్స్విక్ రాకుమారుడు ఆంతోన్ ఉల్రిఖ్‌కు 1740 ఆగస్టు 12న పుట్టిన బిడ్డను వారసుడిగా ప్రకటించింది. ఆ బిడ్డకు ముత్తాత ఇవాన్ పేరు పెట్టారు. పేరు వినగానే ‘ఇది ఇవాన్ శాఖ, పీటర్ శాఖ కాదు’ అని సభలో ఉన్నవారికి బోధపడేది. ఆ సందర్భంలో పేరుకు ఉన్న నిజమైన అర్థం ఇదేనని నేను భావిస్తాను. దైవకృప నిఘంటువులో ఉంది. వంశహక్కు పేరులో ఉంది.

‘ఆంతోనొవిచ్’ అన్నది ఇంటిపేరు కాదు. ‘ఆంతోన్ కొడుకు’ అని చెప్పే తండ్రి పేరు. తండ్రి ఆంతోన్ ఉల్రిఖ్ జర్మన్ కాబట్టి ఆయన పేరులోని మొదటి భాగాన్ని తీసుకొని రష్యన్ పద్ధతిలో ఆంతోనొవిచ్ అన్నారు. తల్లి కూడా పుట్టుకతో జర్మన్ ఇంటి పిల్లే. తండ్రి కార్ల్ లెయొపోల్ద్ కాబట్టి రష్యాలో ఆమె లెయొపోల్దొవ్నా అయింది. రష్యన్ చరిత్రకారులు చాలామంది అంకె గొడవ లేకుండా ఈ చక్రవర్తిని ‘ఇవాన్ ఆంతోనొవిచ్’ లేదా ‘ఇయోఆన్ ఆంతోనొవిచ్’ అనే రాస్తారు. తెలుగులో మాత్రం మొదటిసారి ‘ఆరవ ఇవాన్ (ఇవాన్ ఆంతోనొవిచ్)’ అని రెండూ కలిపి రాసి, తరువాత ఏదో ఒకటే పట్టుకోవడం మంచిది. పేరాకొక పేరు మారితే రష్యన్ నవలలు చదివి అలవాటున్న పాఠకుడు కూడా ఇద్దరు మనుషులనుకొనే ప్రమాదం ఉంది.

అంకె మారడానికి కారణం లెక్క ఎక్కడ మొదలుపెట్టారన్నదే. ఆ బిడ్డ గద్దె మీద ఉన్నంతకాలం అధికారికంగా మూడవ ఇయోఆనే. అప్పటి లెక్క జార్ బిరుదుతో మొదలవుతుంది. 1547లో జార్‌గా పట్టాభిషేకం చేసుకున్న ఇవాన్ వాసిల్యెవిచ్, అంటే చరిత్రలో భయంకరుడుగా పేరుపడ్డ రాజు, మొదటివాడు. పీటర్‌కు అన్న అయిన ఇవాన్ అలెక్సేయెవిచ్ రెండవవాడు. ఈ పసివాడు మూడవవాడు. తరువాతి చరిత్రకారులు జార్ బిరుదు రాకముందు మాస్కోను ఏలిన మహారాకుమారులను కూడా వరుసలోకి తెచ్చారు. 1325 నుంచి మాస్కోను పాలించిన ఇవాన్ కలితా మొదటివాడయ్యాడు, పద్నాలుగో శతాబ్దపు నడుమ పాలించిన ఆయన కొడుకు ఇవాన్ రెండవవాడయ్యాడు, 1462 నుంచి 1505 దాకా ఏలి మాస్కో రాజ్యాన్ని విస్తరించిన ఇవాన్ మూడవవాడయ్యాడు. అలా భయంకరుడు నాలుగవ ఇవానూ, పీటర్ అన్నగారు ఐదవ ఇవానూ కాగా, మన పసివాడు ఆరవ ఇవాన్‌గా నిలిచాడు.

ఇటువంటి లెక్క తెలుగు పాఠకుడికి కొత్త కాదు. హైదరాబాదు నిజాంల వరుసలో మొదటి ఆసఫ్ జా తరువాత నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్, సలాబత్ జంగ్ గద్దె మీద కూర్చున్నా, రెండవ ఆసఫ్ జా అన్న అంకె మాత్రం ఆ ముగ్గురి తరువాత వచ్చిన నిజాం అలీ ఖాన్‌కే దక్కింది. ఎవరు రాజుగా ఉన్నారన్నది ఒక విషయం, ఎవరిని వరుసలో లెక్కపెట్టారన్నది మరొక విషయం. మీ వ్యాసానికి పాదసూచిక రాసే వీలుంటే ఈ పోలికను వాడుకోండి. పాఠకుడికి వెంటనే పట్టుబడుతుంది.

అంకె తేడా చిన్న విషయమని వదిలేయకూడదు. నేను సరిచూసిన ఒక అనువాదంలో 1741 నాటి రూబుల్ నాణెం బొమ్మ కింద ‘పదిహేనవ శతాబ్దంలో తాతార్ల పెత్తనాన్ని తొలగించిన మూడవ ఇవాన్’ అని వివరణ ఉంది. అనువాదకురాలు నాణెం మీది అక్షరాలను సరిగానే చదివింది. ఆ తరువాత ఏదో విజ్ఞానకోశంలో ‘మూడవ ఇవాన్’ అని వెతికి, అక్కడ దొరికిన సమాచారాన్ని అతికించింది. ఫలితంగా తల మీద ఆకుల మాల ఉన్న పసివాడి బొమ్మ కింద దాదాపు నలభై మూడేళ్లు రాజ్యమేలిన వృద్ధుడి చరిత్ర వచ్చి చేరింది. నాణెం మీద ఉన్న రాత భావం ‘మూడవ ఇయోఆన్, దైవకృపచే సమస్త రష్యాకు చక్రవర్తి, నిరంకుశ ప్రభువు’. బొమ్మలోని వయసును, నాణెం మీది సంవత్సరాన్ని చూసి ఉంటే ఆ పొరపాటు జరిగేది కాదు.

మరొక రకం ఇబ్బంది యంత్రానువాదం వల్ల వస్తోంది. రోమన్ అంకెను అక్షరాలనుకొని ‘ఇవాన్ వీఐ’ అని రాసేస్తోంది. నవ్వుకొని దిద్దుకోవలసిందే.

ఇక పేరు వాడుకలో అన్నిటికన్నా విచిత్రమైన ఘట్టానికి వస్తాను. ఆన్నా ఇవానొవ్నా 1740 అక్టోబరు 17న మరణించగానే రెండు నెలల బిడ్డ చక్రవర్తి అయ్యాడు. సంరక్షకుడిగా మొదట ఆన్నా ఇవానొవ్నా ఆంతరంగికుడైన బిరోన్, కొద్ది వారాలకే ఆయనను పడగొట్టిన తరువాత తల్లి ఆన్నా లెయొపోల్దొవ్నా పాలన నడిపారు. 1741 నవంబరు 25 తెల్లవారుజామున మహా పీటర్ కూతురు యెలిజవేత రక్షక దళాల సాయంతో అధికారాన్ని చేజిక్కించుకుంది. అంటే ఈ రాజ్యం పదమూడు నెలల పైచిలుకు మాత్రమే. అందులో ఆయన తన చేతితో ఒక్క సంతకమూ చేయలేదు. అయినా శాసనాలన్నీ ఆయన పేరు మీదే వెలువడ్డాయి, దేశమంతా ఆయన పేరు మీదే ప్రమాణం చేసింది. కొత్త రాణికి చిక్కు ఇక్కడే వచ్చింది. మనిషిని కోటలో పెట్టవచ్చు. కానీ ఆ పేరు నాణేలలో, కచేరీ కాగితాలలో, పతకాలలో, చర్చి పుస్తకాల మొదటి పుటలలో దేశమంతటా పరుచుకొని ఉంది.

అందుకని యెలిజవేత ప్రభుత్వం పేరు మీదనే యుద్ధం ప్రకటించినట్టు పనిచేసింది. బొమ్మ, పేరు ఉన్న నాణేలను గడువులోగా టంకశాలకు అప్పగించాలని ఉత్తర్వు వెలువడింది, వాటిని కరిగించారు. ప్రమాణ పత్రాలను తగలబెట్టించారు. ఆ బిరుదు ఉన్న ముద్రిత ప్రకటనలను, కచేరీ కాగితాలను, పుస్తకాలను వెనక్కి రప్పించారు. అయితే ఆస్తి తగాదాలు, పన్నుల లెక్కలు, ఉద్యోగ నియామకాలు ఆ కాగితాలలోనే ఉన్నాయి కాబట్టి అన్నిటినీ నాశనం చేయడం సాధ్యం కాలేదు. వాటిని వేరుగా భద్రపరిచి, అవసరమైనప్పుడు ప్రస్తావించడానికి ఒక మాట కనిపెట్టారు: ‘తెలిసిన బిరుదు గల కాగితాలు’. మీ మూలంలో ‘తెలిసిన బిరుదుతో’ అన్న మాట కనబడితే అది వాక్యాలంకారం కాదు, ఆరవ ఇవాన్ పేరు పలకకుండా పలికే పద్ధతి. దాన్ని ‘ప్రసిద్ధ బిరుదు’ అని అనువదిస్తే అర్థం తలకిందులవుతుంది. అక్కడ తెలిసిన అంటే అందరికీ తెలిసినా ఎవరూ అనకూడనిది. పందొమ్మిదో శతాబ్దపు చివరలో కూడా ఆ కాగితాలను అచ్చు వేసిన సంపుటాలకు రాజు పేరు పెట్టక, 1740 అక్టోబరు 17 నుంచి 1741 నవంబరు 25 వరకు అన్న తేదీలనే శీర్షికగా పెట్టారు.

కవిత్వం కూడా ఈ ఊడ్పు నుంచి తప్పించుకోలేదు. 1741 ఆగస్టులో రష్యన్ కవి, శాస్త్రవేత్త లొమొనోసొవ్ ఈ పసి చక్రవర్తిని కీర్తిస్తూ రెండు స్తుతి కావ్యాలు రాశాడు. మొదటిది పుట్టినరోజుకు, రెండవది స్వీడన్ మీద విజయం సందర్భంగా ఆయన నామదినానికి. రష్యన్ సంప్రదాయంలో పుట్టినరోజు వేరు, తన పేరు గల పునీతుడి పండుగ రోజైన నామదినం వేరు. ఇక్కడ అది పాత పంచాంగం ప్రకారం ఆగస్టు 29, అంటే బాప్తిస్మమిచ్చు యోహాను శిరచ్ఛేదాన్ని స్మరించే రోజు. కొన్ని నెలలకే గద్దె మారింది. ఆ కావ్యాలను కవి తన జీవితకాలంలో తన సంకలనాలలో చేర్చలేదు. రష్యన్ సాహిత్య చరిత్రలలో ఇవి ‘మూడవ ఇయోఆన్’ పేరుతోనే ప్రస్తావనకు వస్తాయి కాబట్టి, సాహిత్య వ్యాసాలు అనువదించేవారు కూడా ఈ అంకెను గుర్తుంచుకోవాలి.

కాగితాల మీద పేరు చెరిపినట్టే మనిషి మీద కూడా చెరిపారు. కుటుంబాన్ని మొదట రీగాలోనూ, దాని దగ్గరి కోటలోనూ, తరువాత రానెన్‌బుర్గ్‌లోనూ ఉంచి, 1744లో ఉత్తరాన ఆర్ఖాంగెల్‌స్క్ ప్రాంతంలోని ఖోల్మొగొరికి తరలించారు. ఆ ప్రయాణంలో నాలుగేళ్ల బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి, అతన్ని ‘గ్రిగోరి’ అని పిలవాలని కాపలా అధికారికి ఆదేశమిచ్చారు. రాకుమారుడు ద్మీత్రిని తానేనంటూ 1605లో మాస్కో గద్దెనెక్కిన దొంగ ద్మీత్రి అసలు పేరు గ్రిగోరి అని ప్రచారంలో ఉన్నందువల్ల, ఈ ఎంపికలో అవహేళన ఉందని కొందరి అభిప్రాయం. నాకు అది ఊహగానే తోస్తుంది. అంత సామాన్యమైన పేరును అలాంటి పని కోసం ఎంచుకోవడానికి దాని సామాన్యతే చాలు. 1756లో ఆయనను ష్లిస్సెల్‌బుర్గ్ కోటకు తరలించిన తరువాత గ్రిగోరి కూడా పోయి ‘పేరులేని ఖైదీ’ మిగిలాడు. 1764 జూలై 5 తెల్లవారుజామున మిరోవిచ్ అనే యువ సైనికాధికారి ఆయనను విడిపించాలని ప్రయత్నించినప్పుడు, ఖైదీని ప్రాణాలతో ఎవరి చేతికీ చిక్కనివ్వరాదన్న రహస్య ఉత్తర్వు ప్రకారం కాపలాదారులే చంపేశారు. అప్పటికి గద్దె మీద ఉన్నది రెండవ కేథరిన్. మిరోవిచ్‌కు అదే ఏడాది సెప్టెంబరులో శిరచ్ఛేదం చేశారు.

ఇదంతా చదివి, ఇవాన్ అన్న పేరునే రష్యాలో నిషేధించారని కొందరు రాస్తున్నారు. అది సరికాదు. నిషేధం ఇవాన్ అన్న పేరుకు కాదు, ఆ పేరుతో కూడిన చక్రవర్తి బిరుదుకు. అప్పుడు కూడా రష్యన్ గ్రామాలలో ఎక్కడ చూసినా ఇవాన్‌లే. జానపద కథలలో రాకుమారుడు ఇవానే, అమాయకుడు ఇవానే. ఇవానొవ్ అన్న ఇంటిపేరు వ్యాపించిందీ ఇందువల్లనే. ఊరూ పేరూ చెప్పని దేశదిమ్మరులు పట్టుబడినప్పుడు ‘బంధుత్వం గుర్తులేని ఇవాన్’ అని రాయించుకొనేవారు. ఆ మాట తరువాత మూలాలు మరిచినవాడు అనే అర్థంలో జాతీయమైంది. మాస్కోలో అచ్చయి వచ్చిన తెలుగు పుస్తకాల మీద పెరిగిన తరానికి ఇవాన్, వాన్యా, ఇవానుష్కా ఒకే మనిషి పేర్లని వేరే చెప్పనవసరం లేదు.

రాజవంశంలో మాత్రం సంగతి వేరు. ఈయన తరువాత రష్యా గద్దె మీద మరో ఇవాన్ కూర్చోలేదు. 1886లో రొమానొవ్‌ల ఒక ఉపశాఖలో పుట్టిన బిడ్డకు ఇయోఆన్ కొన్‌స్తాంతీనొవిచ్ అని పేరు పెట్టారు. 1918లో అలపాయెవ్‌స్క్ దగ్గర చంపబడిన రాజకుటుంబీకులలో ఆయన ఒకరు. ఆయన ఎన్నడూ రాజు కాదు కాబట్టి ఆ పేరుకు అంకె ఉండదు. ‘ఏడవ ఇవాన్’ అని ఎక్కడైనా కనబడితే నమ్మకండి.

రాత విషయంలో కొన్ని మాటలు. ఐవాన్ అన్నది ఇంగ్లీషు ఉచ్చారణ నుంచి వచ్చిన రూపం. రష్యన్‌లో ఊనిక రెండవ అక్షరం మీద ఉంటుంది కాబట్టి ‘ఇవాన్’ అనడమే మూలానికి దగ్గర. ఇయోఆన్‌ను కొందరు ‘జాన్’ అని మారుస్తారు. అలా చేస్తే పాఠకుడు ఇంగ్లండు రాజును వెతుక్కుంటాడు. రాజు అంకె తెలుగులో పేరుకు ముందు వస్తుంది: రెండవ పులకేశి, ఆరవ విక్రమాదిత్యుడు అన్నట్టే ఆరవ ఇవాన్. ‘ఇవాన్ ఆరు’ అని రాయకండి. రష్యన్ వాక్యంలో అంకె పేరు తరువాత ఉందని తెలుగులోనూ అలాగే ఉంచవలసిన పని లేదు.

తేదీల దగ్గర కూడా జాగ్రత్త అవసరం. నేను పైన ఇచ్చిన పద్దెనిమిదో శతాబ్దపు తేదీలన్నీ అప్పటి రష్యా వాడిన పాత పంచాంగానివి. నేటి లెక్కకు పదకొండు రోజులు కలపాలి: పుట్టుక ఆగస్టు 23, రాజ్యారంభం అక్టోబరు 28, పదవీచ్యుతి డిసెంబరు 6, మరణం జూలై 16. ఒకే వ్యాసంలో రెండు రకాల తేదీలు కలగాపులగమైతే రాజ్యకాలం తప్పుగా తేలుతుంది. పుట్టింది ఒక లెక్కలో, గద్దెనెక్కింది మరో లెక్కలో రాసి, బిడ్డ వయసును పదకొండు రోజులు పెంచిన వ్యాసాలను నేను చూశాను. ఏదో ఒక పద్ధతి ఎంచుకొని మొదట్లోనే చెప్పండి.

మీ నాణెం బొమ్మ కింద నేనైతే ఇలా రాస్తాను: ‘1741 నాటి వెండి రూబుల్. దీని మీద మూడవ ఇయోఆన్ అని ఉన్న పసి చక్రవర్తిని నేటి చరిత్రకారులు ఆరవ ఇవాన్ అంటారు. పదవీచ్యుతి తరువాత ఈ నాణేలను వెనక్కి రప్పించి కరిగించారు.’ స్థలం ఇరుకుగా ఉంటే మూడవ వాక్యం తీసేయండి. రెండవ వాక్యాన్ని మాత్రం తీయకండి.